అనుదిన జీవితములో ఆశ్చర్యము

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ రైల్వే స్టేషనునకు చిరకాలము ఒక ఘనత ఉండెను. 1072.5 మీటర్ల పొడవుగల దాని ప్లాట్‌ఫారము ప్రపంచములోకెల్ల పొడవైనదని బడిపిల్లలు సహితము వల్లించెడివారు. 2013లో గోరఖ్‌పూర్ ఆ స్థానమును తీసికొనెను. 2023లో 1507 మీటర్ల ప్లాట్‌ఫారముతో హుబ్బళ్లి దానిని మించెను. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారము ఒక్క అంగుళమైనను తగ్గలేదు. అయినను దాని ఘనత పోయెను. పరిమాణముపై ఆధారపడిన ఆశ్చర్యము అంతకంటె పెద్దది కనబడువరకే నిలుచును.

అట్లయిన, నిలుచునట్టి ఆశ్చర్యము ఏది? ప్రతిదినము చూచుదానియందు మనుష్యుడు ఆశ్చర్యపడగలడా? తత్త్వవిచారమునకు ఆశ్చర్యమే ఆరంభమని ప్లేటో తన ‘థియేటిటస్’ సంవాదములో చూపెను. అయితే అది తీరికగలవారి సంభాషణ. పగలంతయు పనిచేసి అలసి ఇల్లు చేరువానికి ఆ మాటతో పనియేమి?

ఖరగ్‌పూర్ అట్టి పనివారి పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే అచ్చట వర్క్‌షాపును నెలకొల్పిన నాటినుండి తెలుగు కుటుంబములు అనేకములు పనికై వెళ్లి స్థిరపడెను. అదే దారి, అదే పని, అదే జీతపు లెక్క. అట్టివానితో “నీ జీవితములోని అద్భుతమును చూడుము” అని చెప్పుట సులభమే. కాని అతని అలసటను కప్పిపుచ్చుటకై చెప్పినయెడల ఆ మాట మోసమగును. జీతము అన్యాయమైనదైతే దానిని సరిచేయవలెను; మంచి మాటలతో మరపింపరాదు. గృహస్థుని పనియు దేవుని పిలుపేనని 16వ శతాబ్దములో లూథరు బోధించెను. ఆ బోధ పనివానికి గౌరవమునిచ్చునుగాని, అతని కూలిని బిగబట్టువానికి సాకు కానేరదు.

ఆశ్చర్యమనగా కష్టమును మరచుట కాదు, ఎదుటనున్న దానిని నిజముగా గమనించుట. వెనుకటి దినములలో, బండి ఆగినప్పుడు రైల్వే పనివాడొకడు సుత్తితో చక్రములను తట్టుచు పోయెడివాడు. మంచి చక్రము ఖంగున మ్రోగును. పగులుగలది బొంగురుగా పలుకును. కంటికి రెండును ఒక్కటే. వేలసార్లు వినిన ధ్వనిని అతడు మొదటిసారి వినుచున్నట్లు వినవలసియుండెను. ఏలయనగా లోపల నిద్రించువారి ప్రాణములు ఆ చెవిపై ఆధారపడియుండెను. వారి పేర్లు అతనికి తెలియవు; అయినను అతని శ్రద్ధయే వారియెడల అతడు చూపిన ప్రేమ. జ్ఞానమును ఆ శ్రద్ధలోనే ఉండెను.

గృహములలో అట్టి వినుట ఉన్నదా? “ఏమియు లేదు” అని భార్య పలికినప్పుడు ఆ స్వరములోని పగులును భర్త గుర్తించునా? వృద్ధురాలైన తల్లి చెప్పిన సంగతినే మరల చెప్పునప్పుడు, దాని వెనుకనున్న ఒంటరితనము కుమారునికి వినబడునా? పరిచయము ప్రేమకు శత్రువు కాదు. “ఇది నాకు తెలిసినదే” అను గర్వమే దాని శత్రువు.

మోషే మామ మందను మేపుచుండగా మండుచున్న పొదను చూచెను. ఆ పని అతనికి క్రొత్తది కాదు. అయితే దానిని చూచుటకు అతడు ప్రక్కకు తిరిగిన తరువాతనే దేవుడు అతనిని పేరుపెట్టి పిలిచెను. నజరేతువారు దీనికి విరోధముగా ప్రవర్తించిరి. ప్రభువును వడ్రంగిగా ఎరుగుదుమని తలంచిరి గనుకనే వారు ఆయనను ఎరుగలేకపోయిరి. కడపట ఆ ఊరిలో ఆశ్చర్యపడినవాడు ప్రభువే. ఆయన వారి అవిశ్వాసమును చూచి ఆశ్చర్యపడెను.

ఇంకను పొడవైన ప్లాట్‌ఫారములు కట్టబడవచ్చును. సాయంకాలమున తలుపు తెరచి ఎదురు వచ్చు ముఖమునకు మాత్రము సాటి మరియొకటి లేదు. ఈ రాత్రి భోజనమునొద్ద కూర్చుండువాడు ఎదుటివారి మాటను, తనకు తెలిసినదే అనుకొనక, తుదవరకు వినునుగాక. ప్రక్కకు తిరిగి చూచుట అచ్చటనే ఆరంభమగును.