గురి కుదిరాక

అమెరికాలో పిస్టల్‌తో జింకల్ని వేటాడేవాళ్ళు కొందరు గొట్టం కింద బైపాడ్ బిగిస్తారు. అంటే రెండు కాళ్ళ మడత స్టాండు. రైఫిల్‌కి భుజం ఆసరా ఉంటుంది, పిస్టల్‌కి చాచిన చేతులే దిక్కు. గొట్టం ఒక్క డిగ్రీ పక్కకి తిరిగినా 100 గజాల దగ్గర గుండు ఐదడుగులు తప్పుతుంది. కొంచెమే కదిలితే ఇంకా ఘోరం: గుండెకి తగలాల్సింది పొట్టలో దిగి, ఆ జంతువు గంటల తరబడి చస్తుంది. కాబట్టి బైపాడ్ వాడటం దయే అంటారు. ఆ మాట కొట్టిపారేయలేం.

కానీ చెయ్యి కుదిరితే ఆశ పెరుగుతుంది. 50 గజాల దగ్గర ఆగేవాడు 150కి సిద్ధపడతాడు. తగ్గిన నొప్పి కాస్తా ఆ దూరానికే చెల్లు.

మన కథల్లో చిక్కు గురి తప్పడం కాదు. దశరథుడు చప్పుడు విని బాణం వేశాడు, సూటిగా తగిలింది. ఏనుగనుకున్నది కడవ ముంచుతున్న మునికుమారుడు. ద్రాక్షారామం నుంచి బస్సు దూరంలో ఉన్న రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో పాండురాజు కథ ఉంది. అతని గురీ తప్పలేదు. జింక రూపంలో ఉన్న ముని వేటని తప్పుపట్టడు, జంట కలిసున్న వేళ కొట్టడాన్ని తప్పుపడతాడు.

1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు మనకి సరదా వేట లేదు. పంట పాడుచేసే పందిని అనుమతితో కాల్చాల్సొస్తే మాత్రం వణకని చెయ్యే కావాలి, బైపాడ్ పెట్టుకోవాల్సిందే. అయితే అది కాల్చాలని తేలాక సంగతి. తేలేదాకా చెయ్యి వణికితే వణకనివ్వాలి.