ర్యాంకు చాటున

మన దగ్గర ర్యాంకు ఉన్నవాడికి తన గురించి చెప్పుకునే పని తప్పుతుంది. ఎంసెట్‌లో ఎంతొచ్చిందో ఒక్క ముక్క అంటే చాలు, పెళ్లిచూపుల్లోనైనా పేరంటంలోనైనా మిగతాది వినేవాళ్లే పూరించుకుంటారు. ఆ అంకె చాటున మనిషి జీవితమంతా హాయిగా దాక్కోవచ్చు.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల నానక్‌రామ్‌గూడలో చాలామందికి ముప్పై దగ్గర పడి, ఎంబీఏ ఆలోచన వచ్చేసరికి ఆ చాటు పోతుంది. ఇక్కడి ఆఫీసులకు ఆనుకున్నట్టే గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) ఉంది. 2001 డిసెంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన బడి. అక్కడి ఏడాది మేనేజ్‌మెంట్ కోర్సు పీజీపీకి కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి. జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ స్కోరుతో పాటు వ్యాసాలు, సిఫారసు లేఖ, ఆపైన ఇంటర్వ్యూ. స్కోరు బాగా వస్తే ధైర్యంగా అప్లై చేస్తారు. అంతంతమాత్రంగా వస్తే, ఏడెనిమిదేళ్ల పని చేతిలో ఉన్నా, గొంతు తగ్గిపోతుంది.

మా టీమ్‌లో ఒకమ్మాయికి అదే జరిగింది. పేమెంట్స్ ప్రాజెక్టులో లీడ్. 205 నుంచి 805 వరకు ఉండే ఇప్పటి జీమ్యాట్ కొలతలో ఆమెది మధ్యరకం స్కోరు. సిఫారసు లేఖ అడిగితే పై అధికారి "నువ్వే డ్రాఫ్ట్ చేసి పంపమ్మా, నేను సబ్మిట్ కొట్టేస్తా" అన్నాడట. బిజినెస్ స్కూళ్లు ఒప్పుకోని పని అది. లేఖ మీరే రాయాలి, నేను చేసిన పనుల జాబితా మాత్రం ఇస్తానని చెప్పి కూర్చుంది. రాసిందంతా అప్రైజల్ భాషే. ఫలానా మాడ్యూల్ బాధ్యత చూశాను, ఫలానా టీమ్‌తో సమన్వయం చేశాను.

"మరి ఆ నెలాఖరు రాత్రి సంగతేది?" అన్నాను.

ఆ రాత్రి రెండింటికి సెటిల్‌మెంట్ ఫైళ్లు లెక్క కుదరలేదు. కాల్‌లో క్లయింటు తరఫువాళ్లు రిలీజ్ కొనసాగించమని పట్టుబట్టారు. ఆమె వెనక్కి తీసేసింది. తెల్లారాక ఎవరూ మెచ్చుకోలేదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. జరగని నష్టం ఏ రిపోర్టులోనూ కనబడదు.

"అది నా డ్యూటీయే కదన్నా, చెప్పుకోడానికి ఏముంది?" అంది.

అనుభవానికి వచ్చే చిక్కు ఇదే. పరీక్షకు మార్కు వేసేవాడు వేరే ఉంటాడు. పనిలో గట్టి ఘట్టాలకు సాక్ష్యం మనమే, ఒక్కోసారి మనమొక్కరమే. సొంత డబ్బా కొట్టుకోకూడదని పెంచిన ఇళ్లలో పుట్టినవాళ్లకు ఆ సాక్ష్యం చెప్పడం సిగ్గు. కానీ గొప్ప చెప్పుకోవడం వేరు, లెక్క అప్పజెప్పడం వేరు. లెక్కలో పక్కవాడి వాటా ఉంటుంది, మన తప్పులూ ఉంటాయి. ఆ రాత్రి తేడా పసిగట్టింది ఒక జూనియర్ కుర్రాడు. ఆ మాట కూడా రాస్తేనే ఆమె లెక్క నమ్మదగినదవుతుంది.

స్కోరు వట్టిదని నేననను. వేర్వేరు కాలేజీల్లో వేర్వేరు మార్కులతో వచ్చినవాళ్లను పోల్చడానికి ఒక ఉమ్మడి కొలత కావాలి. పైగా యూఎస్ న్యూస్ లాంటి ర్యాంకింగుల్లో విద్యార్థుల స్కోర్లకూ వాటా ఉంది కాబట్టి, తక్కువ స్కోరువాణ్ని తీసుకోవడం అక్కడి బడికి కొంత ఖర్చే. ర్యాంకుల పిచ్చి మనకొక్కళ్లకే లేదు.

స్కోరు తక్కువన్న దిగులు వచ్చినప్పుడల్లా మనవాళ్లు సత్య నాదెళ్లను తలుస్తారు. ఐఐటీ సీటు రాకపోయినా 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడని. ఇదీ ర్యాంకు కథే. చిన్న ర్యాంకు అవమానాన్ని పెద్ద ర్యాంకుతో కడగడం. ఆయన 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, ఉద్యోగం మానకుండానే షికాగో యూనివర్సిటీలో 1997కల్లా ఎంబీఏ పూర్తిచేశాడు. వారమంతా చేసిన పనిని వారాంతం క్లాసులో వేరే కళ్లతో చూసే వీలున్న చదువు అది. మనకు పనికొచ్చే భాగం ఇదైనా, దీన్ని ఎవరూ చెప్పుకోరు.

అనుభవం ఉన్నవాళ్లను కూడా నేను పూర్తిగా నమ్మను. కంపెనీ పేరు, ఏళ్ల సంఖ్య, ప్యాకేజీ కలిసి మరో ర్యాంకుగా మారిపోవడం ఈ ఆఫీసుల మధ్య రోజూ చూస్తున్నదే. ఎంసెట్ అంకె చాటున దాక్కున్నవాడే ఇప్పుడు మెడలో ఐడీ కార్డు చాటున దాక్కుంటాడు. అప్లికేషన్ ఎన్ని ప్రశ్నలు వేసినా మూలం ఒక్కటే. నీ నిర్ణయం మీద ఏం ఆధారపడింది, దాని బరువు ఎవరు మోశారు? స్కోరు తక్కువైనవాళ్లు దీనికి మొదటి రోజే జవాబు వెతుక్కోవాలి. ఎక్కువ వచ్చినవాళ్లకూ ఈ ప్రశ్న తప్పదు, కాస్త వాయిదా పడుతుందంతే.