సీసా ఎటు నుంచి వచ్చింది?

1964 జులై 21. సింగపూర్‌లో మిలాద్ ఉన్ నబీ ఊరేగింపు పాడాంగ్ మైదానం నుంచి గేలాంగ్ వైపు సాగింది. కల్లాంగ్ దగ్గర గొడవ మొదలైంది. మలయ్‌లకూ చైనీయులకూ మధ్య చెలరేగిన ఆ అల్లర్లలో 23 మంది చనిపోయారు, 454 మంది గాయపడ్డారు.

మొదట చెయ్యెత్తింది ఎవరు? అప్పటి సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ వర్గం, మలయ్‌ల పార్టీ అయిన ఉమ్నో నాయకుల రెచ్చగొట్టే ప్రసంగాలను చూపింది. ఉమ్నో వాళ్లు లీ ప్రభుత్వాన్నే తప్పుపట్టారు. ఊరేగింపు మీద సీసా విసిరారని ఒకరు, ఊరేగింపులో వాళ్లే తిరగబడ్డారని మరొకరు. చెప్పే తీరును బట్టి, చెప్పేవారి ఇల్లు ఏ వీధిలో ఉండేదో ఊహించవచ్చేమో!

1997 నుంచి అదే తేదీన బడుల్లో జాతుల సామరస్య దినం. పిల్లలు రకరకాల సంప్రదాయ దుస్తుల్లో వస్తారు. ముచ్చటే, కానీ సీసా సంగతి అక్కడ తేలదు.

మనమేం తీసిపోయాం? 1948లో హైదరాబాదు సంస్థానం భారత్‌లో కలిసిన రోజు సెప్టెంబర్ 17. 2022లో ఆ రోజున హైదరాబాదులో కేంద్రం విమోచన దినం జరిపింది, రాష్ట్రం సమైక్యతా దినం జరిపింది. రజాకార్ల చేతిలో నష్టపోయిన ఇంటికి 1948 ఒకలా గుర్తు. పోలీసు చర్య తర్వాతి హత్యాకాండలో మనుషుల్ని పోగొట్టుకున్న ముస్లిం ఇంటికి మరోలా. ఆ రెండో ఇంటి కథను నమోదు చేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదికను మాత్రం ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.