జీర్ణయంత్రోద్ధారణము

పాతబడిన వస్తువునెడల మనుష్యునకు రెండు ధర్మములు గలవు. దానిని చెడకుండ కాపాడుట యొకటి. అది యే పనికై పుట్టెనో ఆ పనికి వినియోగపరచుట రెండవది. సాధారణముగా నీ రెండును ఒక్కటియే యని తలంతుము. కాని యొక్కొక్కచో నివి పరస్పరవిరుద్ధములగును. తాళపత్రగ్రంథమును విప్పినకొలది ఆకుల యంచులు విరుగును. విప్పకున్నచో నది గ్రంథము గాదు, ఎండుటాకుల కట్ట. అయినను తాళపత్రమునకు ప్రతి వ్రాసికొని, మూలమును పెట్టెలో భద్రపరచి, ప్రతిని చదువుకొనవచ్చును. యంత్రమునకట్టి సౌకర్యము లేదు. యంత్రమునందు మనము చదువవలసినది దాని నడకయే. ఆగిపోయిన పురాతనయంత్రమును విప్పి, చెడిన భాగములను తీసి, వేఱు భాగములను చేర్చి మరల నడిపించుట దానికి సేవయా, అపచారమా? ఇంగ్లండున బ్లెచ్లీపార్కులోని జాతీయ కంప్యూటరు ప్రదర్శనశాలయందున్న యొక గణనయంత్రము చరిత్రను విచారించినచో నీ ప్రశ్న కొంత తేటపడునని మా యభిప్రాయము.

ఆ యంత్రమునకు హార్వెల్ డెకట్రాన్ అని పేరు. హార్వెల్‌నందలి పరమాణుశక్తి పరిశోధనాలయమున 1949లో దాని నిర్మాణము మొదలై, 1951 ఏప్రిలులో నది తొలిసారి నడచెను. అంతకుముందు పట్టభద్రులైన యువజనులు చేతియంత్రములు త్రిప్పుచు, విసుగు పుట్టించు లెక్కలను దినములతరబడి చేయుచుండిరి. వారి శ్రమను తొలగించుటకే దీనిని కట్టిరి. రెండున్నర టన్నుల బరువుగల యీ యంత్రము రెండు సంఖ్యలను గుణించుటకు అయిదు మొదలు పది సెకండ్లు తీసికొనెడిది. ఒకప్పుడు చేతియంత్రముతో లెక్కలు చేయుటయందారితేరిన యొకాయన దీనితో పందెమునకు కూర్చుండి అరగంటవఱకు సరిసమానముగా నడచి, అలసి లేచిపోయెనట. యంత్రము తన దారిని తాను పోవుచునే యుండెను. దాని గొప్ప వేగమునందు లేదు, విసుగులేమియందున్నది.

1957 నాటికి అంతకు మించిన యంత్రములు వచ్చుటచే హార్వెల్‌వారు దీనిని పాతయినుమునకు అమ్మివేయక, ఎవరు దీనిని చక్కగా వినియోగింతురో వారికిత్తుమని కళాశాలలకు పోటీ పెట్టిరి. ఇది మిక్కిలి మెచ్చదగిన పని. వుల్వర్‌హాంప్టన్‌నందలి సాంకేతిక కళాశాల గెలిచి, 1973వఱకు దానితో విద్యార్థులకు పాఠములు చెప్పెను. అచ్చట పేరులోని తొలియక్షరములను కూర్చి దానిని ‘విచ్’, అనగా మంత్రగత్తె, అని పిలిచిరి. పిమ్మట బర్మింగ్‌హాము ప్రదర్శనశాలకు చేరెను. 1997లో ఆ శాల మూతపడగా యంత్రమును విప్పి గిడ్డంగియందు పడవైచిరి. చాలకాలమునకు ఒక ఛాయాచిత్రమున దాని భాగమును గుర్తుపట్టినవారి పూనికచే 2009లో బ్లెచ్లీపార్కునకు తరలివచ్చెను. జీతము కోరని సేవకులు మూడేండ్లు పాటుపడగా, 2012 నవంబరు 20వ తేదీన మరల నడచెను. మొదటి భాగములతోనే నేటికిని నడచుచున్న సంఖ్యాగణనయంత్రములలో నిదియే ప్రపంచమున మిక్కిలి ప్రాచీనమైనదని ఆ శాలవారు చెప్పుచున్నారు.

ఇంత పాటు పడిన వారిని నిందించువారుందురా? ఉన్నారు, వారి మాట త్రోసివేయదగినదికాదు. పాతయంత్రమునందలి ప్రతి యతుకును ఒక సాక్ష్యము. ఆ తీగను చుట్టిన చేయి యే పద్ధతి నేర్చినదో అది చెప్పును. దానిని కరగించి వేఱొకటి యతికినచో సాక్షి నోరు మూతపడును. మఱియు నడచునది యరుగును. అందుచే ముట్టకుండుటయే మేలని వారి వాదము. చెక్కడపు స్తంభములపై సున్నము దట్టముగా కొట్టించి, జీర్ణోద్ధారణము చేసితిమని తమ పేర శిలాఫలకము నాటించుకొను ధర్మకర్తలను ఎఱిగిన మనకు ఈ భయము అర్థము కాకపోదు.

కాని ముట్టకుండుట కాపాడుట యగునా? ఈ యంత్రమునందే దీనికి సమాధానమున్నది. డెకట్రాననగా వాయువు నింపిన గాజుబుడ్డి. అందు వలయాకారముగా పది స్థానములుండును. ఒకచోట చిన్నవెలుగు నిలిచియుండును; విద్యుత్స్పందము తగిలినప్పుడెల్ల అది ప్రక్కస్థానమునకు జరుగును. మూడవచోట నిలిచినచో మూడు, ఏడవచోట నిలిచినచో ఏడు. ఇట్టి బుడ్లు 828 గలవు. యంత్రము మనసులోని యంకెలన్నియు మన కన్నులకు కనబడుచుండును. ఈ బుడ్లు చిరకాలము పనిలేక పడియున్నచో వాని గుణము చెడి, వెలుగు ఒకచోట చిక్కుకొని జరుగనని మొరాయించును. అట్టి బుడ్లలో పెక్కింటికి చికిత్స, వానిని విడువక త్రిప్పుచుండుటయే! రిలేల మొనలును అంతే. పని చేయుచున్నంతకాలము శుభ్రముగానుండి, ఊరకున్న మకిలపట్టును. విద్యుత్తును నిలువయుంచు కెపాసిటరులలో నొకజాతికి లోపల సన్నని యాక్సైడు పొర ప్రాణము. ఏండ్లతరబడి వాడకున్న నాపొర క్షీణించును. ఒక్కపెట్టున పూర్తి వోల్టేజి నిచ్చితిమా పగిలిపోవును. కొద్దికొద్దిగా పెంచుచు వచ్చితిమా పొర మరల కూడుకొనును. ఈ ప్రక్రియకు ఇంగ్లీషున ‘రిఫార్మింగ్’ అనియే పేరు. సంఘసంస్కరణమును ఒక్కదినమున ముగింపనెంచు మా మిత్రులు కొందరీ మాట వినదగును.

ఇక తత్త్వవిచారము. భాగములు మార్చిన పిమ్మట అది ఆ యంత్రమేయగునా? వస్త్రమునుండి కొన్ని నూలుపోగులు తీసినచో పాతవస్త్రము నశించి, ఖండపటమను క్రొత్తవస్త్రము పుట్టినదని మన నైయాయికులందురు. వారి లెక్కను ఒక్క రిలే మార్చినను హార్వెల్ యంత్రము చచ్చినట్లే. ‘ఆ దేవదత్తుడే యీ దేవదత్తుడు’ అని వేదాంతులు చూపు మార్గము మాకు నచ్చినది: నాటి దేశకాలములను, నేటి దేశకాలములను విడిచి రెంటను సమానముగా నిలిచినదానిని పట్టుకొనుట. యంత్రమునందట్లు నిలుచునది దాని కూర్పును, దాని క్రియయును.

అయినచో కూర్పొక్కటియే చాలునా? ఆ ప్రదర్శనశాలలోనే కొలోసస్ అను వేఱొక యంత్రమున్నది. యుద్ధకాలమున, 1944లో, జర్మనుల రహస్యలిపిని ఛేదించుటకు నడచిన మూలయంత్రమును యుద్ధానంతరము దాని జాతివానితోపాటు విప్పివేసిరి. పటములను ప్రభుత్వాజ్ఞచే తగులబెట్టిరి. టోనీ సేల్ అనునాయన 1993లో పూనుకొని, మిగిలిన కొద్ది ఛాయాచిత్రములు, ఇంజనీర్లు దాచుకొనిన చిత్తుపటములు, వారి జ్ఞాపకములు ఆధారముగా అనుచరులతో దానిని మరల కట్టి 2007లో నడిపించెను. ఆ సంవత్సరము జరిగిన లిపిఛేదనపు పోటీలో బాన్ నగరవాసి యొకడు తన సొంత కంప్యూటరుతో దానిని ఓడించెను. ఓడినను దాని గౌరవమునకు లోటు రాలేదు. కూర్పు అదియే, క్రియయు అదియే. కాయము మాత్రము వేఱు. అందుచేతనే దానిని పునర్నిర్మాణమని చెప్పుదురేకాని అసలుదని చెప్పరు. ఒకదాని పేరు వేఱొకదానికి పెట్టినప్పుడే పాపము వచ్చును.

ఉద్ధారకునకు కలుగు గొప్ప ప్రలోభమిచటనే యున్నది. నేడు గోరంత సిలికాను ముక్క ఆ యంత్రము పనినంతయు చేయగలదు. పాతపెట్టెలో దానిని దాచి, దీపములు మిణుకుమనునట్లు, రిలేలు టకటకలాడునట్లు చేసినచో చూడవచ్చినవాడు భేదము కనిపెట్టలేడు. లెక్క చేయక జవాబుమాత్రము చూచి వ్రాసిన విద్యార్థిని మా తరగతిలో మేమేమందుమో ఈ ఉద్ధారకునిగూర్చియు అదియే యందుము. జవాబు సరియైనది కావచ్చును, వాడు లెక్క చేయలేదు. కావున తప్పనిసరియైనదానినే మార్చవలయును. తీసినదానిని పారవేయక చీటికట్టి దాచవలయును. ఏది యెన్నడు మార్చితిమో వ్రాసియుంచవలయును. నాటి దోషములను సైతము నేటి తెలివితో దిద్దరాదు. సున్నము కొట్టించు ధర్మకర్త కీ నియమములు తెలియవు. ముట్టరాదను పండితునకు వీనితో కొంత యూరట కలుగవలెను.

మఱియొక సంగతి గలదు. యంత్రముతోపాటు ఆగిపోవునది మనుష్యుల చేతులలోని విద్య. ఏ తీగ వదులైన ఏ లెక్క తప్పునో పుస్తకములలో నుండదు. 2012లో యంత్రము మరల నడచినదినమున దానిని రూపొందించినవారిలో నిద్దరు వృద్ధులు వచ్చి చూచిరి. అట్టివారుండగనే పని ముగియుట యదృష్టము. మనము ఆయుధపూజనాడు పరికరములకు పసుపుకుంకుమలు పెట్టి, మిగిలిన దినములలో త్రుప్పు పట్టనిత్తుము. బొంబాయిలోని టాటా పరిశోధనాలయమున మనవారే కట్టిన టిఫ్రాక్ 1960లో పూర్తియై, 1962లో నెహ్రూచే నామకరణము పొందెను. నేడు నడచు టిఫ్రాక్ మనకు లేదు. ఎవరైన దానిని నడిపింపగోరినచో వారు చేయవలసినది ఉద్ధారణము గాదు, పునర్నిర్మాణము; కొలోసస్ విషయమున నట్టి పనికి పదునాలుగేండ్లు పట్టినది, అదియును చిత్తుపటములు దాచుకొనిన ఇంజనీర్లు అప్పటికి బ్రదికియుండుటచేత.