అలంకారమా, చాటింపా?

ఆడుపిల్ల పుష్పవతియైనపుడు నలుగురిని బిలిచి, వస్త్రాభరణములతో నలంకరించి వేడుక చేయుట తెలుగువారిలో పెక్కు కులములయందు చిరకాలముగ నున్న యాచారము. నేడు కొండాపూరులోని పెక్కంతస్తుల మేడలలో నివసించుచు కంప్యూటరు కొలువులు చేయువారు సైతము ఈ వోణీల వేడుకను ఫంక్షనుహాళ్లలో పెండ్లితో సమానముగ జరుపుచున్నారు. ఇది మంచిదా, చెడ్డదా యని యొక్క మాటలో దేల్చుట తగదు. ఆ యలంకార మేమి చెప్పుచున్నదో ముందు విచారింపవలెను.

ఆచారక్రమము మనకు దెలిసినదే. బాలికను వేఱుగ చాపమీద గూర్చుండబెట్టుదురు, చిమ్మిలి తినిపింతురు, ఆమె కంచము వేఱు, చెంబు వేఱు, ఎవ్వరును ముట్టరాదు. ఇంటి వాడుకనుబట్టి యైదవనాడో, తొమ్మిదవనాడో, పదునొకండవనాడో మంగళస్నానము. పిదప మేనమామ తెచ్చిన పట్టులంగా, వోణీ కట్టి, పూలజడ యల్లి, పాపిటబిళ్ల, వంకీలు, వడ్డాణము, కాసులపేరు పెట్టి ముత్తైదువలు హారతి యిత్తురు. నిన్న అంటరానిది నేడు దేవత! ఈ రెంటి నడుమ మనిషియైన బాలిక యెక్కడ నున్నదని యెవ్వరును అడుగరు.

పిల్ల పెండ్లి కెదిగినదని బంధువుల కెఱిగించుట యీ వేడుకకు పూర్వకాలపు ప్రయోజనము. రజస్వలకు ముందే పెండ్లి చేయు కులములలోనో, ఆ సంగతి యపరాధమువలె దాచవలసి వచ్చెడిది. బాలికల వివాహవయస్సును 1929 నాటి శారదా శాసనము 14 ఏండ్లుగను, 1978 నాటి సవరణము 18 ఏండ్లుగను నిర్ణయించెను. పండ్రెండేండ్ల పిల్ల పెండ్లి కెదిగినదని నేడు చాటుట, శాసనము కాదన్న మాటను పట్టుబట్టలతో బలుకుటయే కదా.

ఆఫ్రికాఖండమున ఘానాదేశపు క్రోబోజాతివారు డిపో యను నిట్టి సంస్కారమునే జరుపుదురు. గాజు నూఱిన పొడిని మట్టిమూసలలో గాల్చి చేసిన పూసలను బాలికల మెడకును నడుమునకును దండలుగ వేయుదురు. సంస్కారము కాకమున్ను గర్భవతియైనదానిని ఒకప్పుడు వెలివేసెడివారు. మన బంగారమునకును వారి పూసలకును వెలలో భేదమున్నదిగాని, గౌరవ మిచ్చుచునే లోబాటు నడుగుట రెండింటను ఒక్కటియే.

అయినచో వేడుకయే వలదా? నాకది సమ్మతము గాదు. వేడుక మాని చాపను మాత్రము నిలుపుకొన్న యిండ్లు గలవు. అది మఱింత కీడు; పిల్లకు సిగ్గు తప్ప వేఱేమియు మిగులదు.

సంస్కృతమున ‘అలమ్’ అనగా చాలును, తగును అని యర్థము. తగునట్లు చేయునది యలంకారము. దేనికి దగునట్లు? వరునికా, చదువునకా, తన కాళ్లపై నిలుచుటకా? మగవానిని నడవడినిబట్టి పెద్దమనిషి యందుము, ఆడుపిల్లను దేహధర్మమునుబట్టి. ఆ పెద్దఱికము వచ్చిన మఱునాటినుండి ఆమె యాటలు మానవలెను, గట్టిగ నవ్వరాదు, ఒంటరిగ వాకిలి దాటరాదు. పెద్దయైనకొలది స్వేచ్ఛ తఱుగుట యే న్యాయము?

కావున ముట్టరాదను మాటను మొదట విడువవలెను. దేహమున జరుగబోవు మార్పును తల్లి ముందుగనే బిడ్డకు దెలుపవలెను. వేడుక కావలెనా, ఎవరిని బిలువవలెనని ఆమెనే యడిగి, వలదన్న మానవలెను. మేనమామ కానుకలో గొంత యామె చదువునకు జేరవలెను. పెద్దమనిషి యని పిలిచినందుకు ఆమె మాటకు విలువ నిచ్చితిమా, ఆ వోణీ నిజముగ నలంకారమగును.