చూపు తగ్గినచో కాయకము తగ్గునా?



ఇంద్రియములలో నేత్రము ప్రధానమని పెద్దలందురు. లింగధారులమైన మనకు ఆ మాట మరింత వర్తించును. ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని, దానిపై దృష్టి నిలిపి, మనస్సును ఏకాగ్రము చేయుట మన నిత్యపూజ. వార్ధక్యమున ఆ చూపే తగ్గినప్పుడు భక్తునకు సందేహము కలుగును: లింగము కనబడనిచో పూజ పూజయగునా? పని చేయలేనివానికి కాయకమెక్కడిది?

ముందుగా దేహధర్మమును తెలిసికొందము. చూపు లోపములన్నియు ఒక్కటి కావు. శుక్లములు ముదిరినచో శస్త్రచికిత్సచే సాధారణముగా చూపు మరల వచ్చును. నీటికాసులనబడు గ్లాకోమా వలన పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదానిని మందులతో కాపాడుకొనవచ్చును. కంటి వెనుకపొర నడిమిభాగము క్షీణించినచో ఎదుటివాని ముఖము మసకయగును, అంచుల చూపు నిలిచియుండును. అట్టివాడు మనుష్యుని గుర్తింపలేకపోయినను ఇంట తిరుగగలడు. అతడు నటించుచున్నాడనుట అన్యాయము. చికిత్స చేయించని చూపులోపము మతిభ్రంశమునకు దోహదము చేయునని లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము 2024లో పేర్కొన్నది. కావున ముసలితనమే గదా యని ఊరకుండరాదు.

ఇక పూజ మాట. షట్‌స్థల సిద్ధాంతము ఆచారలింగమును నాసికయందు, గురులింగమును జిహ్వయందు, శివలింగమును నేత్రమందు, జంగమలింగమును చర్మమందు, ప్రసాదలింగమును చెవియందు, మహాలింగమును హృదయమందు నిలిపినది. ఒక ద్వారము మూసికొన్నను ఐదు ద్వారములు తెరచియే యున్నవి. కరస్థలమున లింగస్పర్శ యున్నది, చెవికి పంచాక్షరి యున్నది, హృదయమున భావమున్నది. పూజ కొరవడదు.

కాయకమును అట్టిదే. నులియ చందయ్య శరణుడు గడ్డితో త్రాళ్లు పేనెను. అది వ్రేళ్ల నేర్పు. ప్రత్తివత్తులు చేయుట, చిక్కుళ్లు ఒలుచుట, మనుమలకు శరణుల చరిత్రలు చెప్పుట చూపు తగ్గినవారును చేయదగిన పనులే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించెను. అది వినుటకును వల్లించుటకును అనువైనది. దినమునకు నాలుగు ద్విపదలు నేర్చుట బుద్ధికి మంచి వ్యాయామము. బాల్యమునందే చూపు కోల్పోయిన పుట్టరాజ గవాయి గారు (1914–2010) గదగు వీరేశ్వర పుణ్యాశ్రమమున ఎందరో అంధబాలురకు సంగీతము నేర్పిరి. బాల్యమునుండి అలవడిన చీకటి వేరు, ముదిమిలో వచ్చినది వేరు. రెండవదానికి కొత్తగా అభ్యాసము కావలెను. అయినను మార్గమొక్కటే.

ఇచట గృహస్థులు ఆలోచింపవలసిన ధర్మమొకటి కలదు. "పాపము, కూర్చుండనిండు" అని పెద్దల చేతి పని లాగికొనుట దయవలె తోచును. కాయకమును కైలాసముగా నమ్మిన మనము వారికి కైలాసమునే దూరము చేయుచున్నామని గ్రహింపము. నిప్పు, కత్తి, రహదారి విషయమున తోడుండుడు; మిగిలిన పని వారికే విడువుడు. వస్తువులను నిత్యము ఒకే చోట నుంచుడు. గడపల వద్ద వెలుతురుంచుడు. తెల్లని పళ్లెముకంటె పచ్చని ఆకుపై అన్నము స్పష్టముగా కనబడును.

పెద్దలకును ధర్మము కలదు. భూతద్దము, చేతికర్ర పట్టుట సిగ్గు కాదు. సహాయమును ప్రసాదముగా గ్రహించి, తమ చేతనైనదానిని దాసోహముగా అర్పించువానికి వార్ధక్యము భారము కాదు.