అనాథపశువుల చికిత్స యెవరి ధర్మము?

దయ మనుష్యునకు సహజమైన గుణమే కాని, తరచుగా నది క్షణకాలము మాత్రమే నిలుచును. బాధను చూచినప్పుడు హృదయము కరగును. కరగినప్పుడు చేతిలో నున్నదేదో యిచ్చెదము. ఇచ్చిన వెంటనే మన పని ముగిసినదని తలచి యింటికి పోయెదము. ధర్మ మట్టిది కాదు. అది దినదినమును చేయవలసిన పని. ఈ రెంటికి గల భేదము మన గోశాలల గుమ్మములయొద్ద కన్పట్టినంత స్పష్టముగా మఱెక్కడను కన్పట్టదు. పశువును గుమ్మమువఱకు తెచ్చి విడిచిపోవువారు పెక్కుమంది. లోపల నది జబ్బుపడిన దినమున మందునకు వెల యిచ్చువారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. యజమానుడు లేని పశువునకు చికిత్స చేయించుట యెవరి ధర్మము? ఖమ్మము మొదలు భద్రాచలమువఱకు గల యడవి సరిహద్దు గ్రామముల పెద్దలయెదుట ఈ ప్రశ్న నుంచుచున్నాము.

ముందుగా ఈ పశువు లెక్కడనుండి వచ్చుచున్నవో విచారింతము. నాగలి లాగు పనిని ట్రాక్టరు చేపట్టినప్పటినుండి కోడెదూడ పుట్టుట రైతునకు సంతోషము కాక భారమైనది. పాలుడిగిన యావును మేపుటకు గడ్డి లేని సంసారి, అడవిలో మేసి బ్రదుకునులే యని దానిని తోలివేయును. మ్రొక్కు చెల్లించుకొనువారు దేవాలయములకు దూడలను సమర్పింతురు. లారీలలో క్రిక్కిఱిసి పోవుచు పోలీసులకు పట్టుబడిన పశువులు, వ్యాజ్యము తేలువఱకు ఏదో యొక గోశాలకు పంపబడును. వీనికి తోడు గోదావరి వరద. భద్రాచలమున మూడవ ప్రమాదసూచిక 53 అడుగులు. 1986లో నది 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును లేచినది. అట్టి రాత్రి మనుష్యుడు బిడ్డ నెత్తుకొని పరుగిడును. కట్టుత్రాడు విప్పుటకైన వ్యవధి దొరకని యిండ్లు కలవు. వరద తీసిన పిదప తిరుగాడు పశువు లెవరివో యెవరికిని తెలియదు. 2019 పశుగణనలో దేశమున వీధిపాలైన గోజాతి పశువులు ఏబది లక్షలకు పైగా లెక్కకు వచ్చినవన్నచో, ఇది మన తాలూకాల చిక్కు మాత్రమే కాదని తేటపడును.

లోపలికి చేరిన పిదప నేమగును? వేములవాడ రాజరాజేశ్వరస్వామికి కోడెను కట్టుట తెలంగాణమున మిక్కిలి ప్రసిద్ధమైన మ్రొక్కు. అట్లు సమర్పింపబడిన కోడెల నుంచెడి తిప్పాపురము గోశాలలో 2025 మే, జూన్ నెలలయందు కోడెలు వరుసగా మరణించిన వార్త చదువరులు మఱచియుండరు. పట్టదగిన సంఖ్యకు మించిన పశువులు, వానకు బురదయైన నేల, కూర్చుండుటకు పొడిచోటు లేమి, ఇవి చాలును. తరువాత నధికారులు కోడెలను రైతులకు పంచుటకు పూనుకొనిరి. ఆ మ్రొక్కుబడి చెల్లించినవారిలో నొక్కడును పశువునకు కీడు తలచినవాడు కాడు. అందఱును భక్తితోనే యిచ్చిరి. అందఱి భక్తియు నొక్కచోట కుప్పపడి పశువుల ప్రాణము తీసినది. ఇచ్చువాని మనస్సు శుద్ధమైనంతమాత్రమున దానము శుద్ధము కానేరదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇక శాసన మేమి చెప్పుచున్నదో చూతము. శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు గారు రాజ్యసభలో పడిన శ్రమ ఫలముగా వెలువడిన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, ఆకలిదప్పులచే బాధపడునట్లు పశువును నిష్కారణముగా విడిచిపెట్టుట నేరమని 11వ సెక్షనులో చెప్పుచున్నది. కాని మొదటి నేరమునకు శిక్ష పది రూపాయలు మొదలు ఏబది రూపాయలవఱకు జరిమానా! ఆ చట్టములోనే 35వ సెక్షను బాధితపశువులకు చికిత్సాలయములను నియమించు నధికారమును ప్రభుత్వమున కొసగినది. కోర్టులో వ్యాజ్యము నడుచుచుండగా పశువును పోషించు వ్యయము నిందితునిపై నుంచవచ్చునని 2017 నాటి నియమములు చెప్పుచున్నవి. రాజ్యాంగము 51-ఎ అధికరణమున ప్రాణికోటియెడల కారుణ్యము పౌరుని విధియని 42వ సవరణచే చేర్చబడినది. 2014 మే 7వ తేదీని సుప్రీం కోర్టు జల్లికట్టు వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, ఆకలిదప్పులు లేకుండుట, నొప్పి రోగములనుండి విముక్తి మొదలగు నైదు స్వేచ్ఛలు జంతువులకు కలవనియు, మూగజీవుల విషయమున న్యాయస్థానము తలిదండ్రుల స్థానమున నిలువవలెననియు వచించినది.

శాసనము దారి చూపునే కాని నడిపింపజాలదు. ఏబది రూపాయల జరిమానా యెవని మనస్సును మార్చును? కావున ధర్మవిచారమునకే రావలయును.

అనాథయైన మైనరు బాలుని సంరక్షకత్వమును వహించినవాడు ఆ బాలున కన్నము పెట్టి, జ్వరము వచ్చినప్పుడు మాత్రము వైద్యుని పిలువకుండెనేని, "నేను వానికి జన్మ మిచ్చినవాడను కాను" అని చెప్పుకొని తప్పించుకొనగలడా? తప్పించుకొనలేడు. ఏలయన, సంరక్షణ వహించిన క్షణముననే ఆ బాలుడు ఇతరుల సాయమును వెదకికొను దారి మూసివేయబడినది. పశువు విషయమును నిట్టిదే. అడవిలో తిరుగు పశువు తన మేత తాను చూచుకొనును, నీరున్న చోటికి నడచును, నీడలోనికి తొలగును. మనము దయచే దానిని కంచెలోనికి తెచ్చి గడియ వేసినప్పుడు ఆ స్వాతంత్ర్యమును హరించితిమి. హరించిన దానికి బదులుగా మేతయు, నీరును, పొడినేలయు, రోగమునకు మందును ఇచ్చుటకు ఋణపడితిమి. ఇది పుణ్యము కాదు, ఋణము. పుణ్యమును చేయుటయు మానుటయు మన యిష్టము. ఋణమును తీర్చుట యిష్టాధీనము కాదు.

ఈ ఋణము గోశాల నిర్వాహకుడు మాత్రమే తీర్చవలసినది కాదా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. పశువును తోలివేసినవా డొక యూరివాడు. దాని పాలు త్రాగినవారు పట్టణమువారు. అది దున్నిన చేని బియ్యము తిన్నవారు మన మందఱము. దాని పొట్టలోనికి పోయిన ప్లాస్టిక్ సంచి యెవరి పెరటినుండి వచ్చినదో చెప్పగలవా డెవడు? పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వారు తమ యాశ్రయమున చేరిన యావుల పొట్టలను శస్త్రచికిత్సచే తెరచి, పదుల కిలోల ప్లాస్టిక్ ముద్దలను వెలికి తీసిరి. నెమరువేయు పశువు పెదవులతో ఏరి పాఱవేయలేదు. తీపి వాసనగల యెంగిలితో పాటు సంచిని కూడ మ్రింగును. అది మొదటి పొట్టలో పేరుకొని మేతకు చోటు లేకుండ చేయును. కడుపు నిండుగా కన్పట్టుచుండగనే పశువు ఆకలితో చచ్చును. అట్టి పశువు ముందు గడ్డిమోపు వైచి నమస్కరించుట సేవ యగునా? దానికి కావలసినది శస్త్రవైద్యుడు. ఆ సొసైటీ వారు చికిత్సతో నాగక 2012లో సుప్రీం కోర్టునందు వ్యాజ్యము వేసి, ఆవు పొట్టలోని సంచి పురపాలక సంఘముల బాధ్యతయని వాదించిరి. గాయమును కట్టుటయే కాక కత్తి నెవరు పెట్టిరో విచారించుట యనగా నిదియే.

అడవి సరిహద్దున నివసించు మనకు మఱియొక విశేష బాధ్యత కలదు. పలు గ్రామములనుండి వచ్చిన పశువు లొక్కచోట చేరినప్పుడు గోశాల రోగముల కూడలి యగును. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, 2022లో దేశమంతటను వ్యాపించిన ముద్దచర్మవ్యాధి, ఇవి కంచెను గౌరవింపవు. ఒకే వాగున గోశాల పశువు, కోయగూడెపు మేక, కిన్నెరసాని యడవిలోని దున్న నీరు త్రాగుచుండగా, ఎవరి పశువునకు మందు వేయవలెను, ఎవరి దానికి మానవలెను అను లెక్క యేల? గిర్ అడవిలో 2018లో కుక్కలకు వచ్చెడి డిస్టెంపర్ అను వ్యాధి సింహములను బలిగొన్నది. దీనికి వ్యతిరేకమైన శుభనిదర్శనము కూడ కలదు. మన తాతలు పేరు చెప్పుటకే భయపడిన ముసరవ్యాధిని తుదముట్టించుటకు 1954లో దేశవ్యాప్త ప్రయత్న మారంభింపబడినది. యజమాను లున్న పశువులకు, లేని పశువులకు, పల్లెలకు, గూడెములకు నొక్కరీతిగా టీకాలు వేయుటచేతనే 2006లో భారతదేశమును, 2011లో ప్రపంచమంతయును ఆ వ్యాధినుండి విముక్తములైనవి. ఒక్క మందను విడిచిపెట్టియుండిన నా కార్యము నెరవేరియుండునా?

ఇప్పుడు బలమైన యాక్షేపణ నొకదానిని విచారింతము. గూడెములలో గర్భిణీస్త్రీ యాసుపత్రికి చేరుటయే దుర్లభముగా నుండగా, పశువుల వైద్యమునకు ధన మేల వెచ్చింపవలెనని కొంద ఱడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనిని పరిహసించుట తగదు. మనుష్యుని నోటినుండి తీసి పశువునకు పెట్టుమని మేము చెప్పము. కాని యీ ప్రశ్న నడుగువారిలో పెక్కుమంది ఆ గర్భిణికై యొక్క రూపాయి యైనను వెచ్చింపనివారే. ఒక కర్తవ్యమును రెండవదానికి అడ్డుగా నిలిపి రెంటిని తప్పించుకొనుట ధర్మవిచారము కాదు. అదియుగాక, కోయ రైతునకు మేకలమందయే నిధి. బిడ్డ జబ్బుపడినప్పుడు అమ్ముకొనునది దానినే. చిటుకురోగముచే మంద పోయిన యింట వైద్యునకు చెల్లింప ధన మెక్కడిది? గోశాలకు నియత దినమున వచ్చు వైద్యుడు ఆ దినముననే చుట్టుపట్ల గూడెముల మందలను కూడ చూచునట్లు ఏర్పాటు చేసినచో, అనాథపశువు పేరిట పేద కుటుంబమునకు వైద్యము చేకూరును.

మఱియొక లోపమును కూడ నుడువక తప్పదు. మన దయ యావు వఱకు వచ్చి నిలిచిపోవుచున్నది. కాలు విఱిగిన కుక్కను చూచి త్రోవ మార్చుకొందుము. 2023 నాటి నియమములు వీధికుక్కలకు సంతాననిరోధ శస్త్రచికిత్స చేసి, పిచ్చికుక్కవ్యాధికి టీకా వేయవలెనని విధించినవి. 2025 ఆగష్టు 22న సుప్రీం కోర్టు కూడ, వ్యాధిగ్రస్తములును క్రూరములును కానివానిని టీకా వేసి తిరిగి వాని చోటనే విడువవలెనని యాదేశించినది. లక్షణములు పొడసూపిన పిదప ఆ వ్యాధి దాదాపుగా ఎవరిని బ్రదుకనీయదు. కావున కుక్కకు వేసిన టీకా వీధిలో నాడుకొను పిల్లవానికి వేసిన కవచమే. ప్రాణికోటిలో కొన్నిటికి పూజయు, కొన్నిటికి ఱాయియు నిచ్చు దయను ఆచార మనవచ్చును గాని వివేక మనరాదు.

కఠినమైన మాట యొకటి మిగిలినది. గోశాలకు గుమ్మము మూసికొను ధైర్య ముండవలెను. నూఱు పశువులను సాకగలచోట మున్నూటిని చేర్చుకొనుట కరుణ కాదు; అది యొక్కొక్క పశువునకు మూడవవంతు ప్రాణము నిచ్చుట. "ఇంతకు మించి మాకు శక్తి లేదు, మీ పశువునకు వలయు వ్యయమును మీరును భరింపుడు" అని దాతతో చెప్పుట యవమానము కాదు. అట్లే, చికిత్సకు లొంగని బాధతో నేలపై పొర్లాడు ప్రాణిని వైద్యుని నిర్ణయముచే నొప్పి లేకుండ విముక్తము చేయుట పాపమా యను ప్రశ్నకు భిన్నాభిప్రాయములు కలవు. శాసనము 13వ సెక్షనున నియమములతో దాని ననుమతించినది. ఏది చేసినను నొప్పి తగ్గించు మం దీయకుండ, పాపభీతి మాటున ముఖము త్రిప్పుకొనిపోవుట మాత్రము ఏ మతమునను పుణ్యము కానేరదు.

కర్తవ్య మేమి? మహోత్సవ దినమున నొక్కసారి వేయి రూపాయ లిచ్చుటకంటె నెలనెలకు కొలదిమొత్తము నియమముగా నిచ్చు చందాదారులు కావలయును. రోగము తిథివారములు చూచుకొని రాదు గదా! గడ్డిపద్దు వేఱుగను మందులపద్దు వేఱుగను వ్రాసి మూడు మాసముల కొకసారి గుమ్మమునొద్ద నంటింపవలెను. క్రొత్తగా వచ్చిన పశువును పాతవానితో కలుపక కొన్ని దినములు ప్రత్యేకమైన కొట్టమున నుంచవలెను. వానలకు ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయింపవలెను. చచ్చిన పశువుల సంఖ్యను దాచక పుస్తకమున నెక్కింపవలెను. మరణమును దాచు గోశాల తరువాతి మరణమును కూడ నాపలేదు. తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2022లోను సంచార పశువైద్య శకటము లారంభింపబడినవి. 1962 అను సంఖ్యకు పిలువవలెనని ప్రతి గూడెమునకు తెలుపవలెను. భద్రాచలపు టంచుననున్న యెటపాక 2014నుండి రెండవ రాష్ట్రమునకు చేరినది; ఆ గీత మనుష్యుడు గీచినది, పశువునకు తెలియదు. గీత కిరువైపుల పెద్దలు కలసి మాటాడుకొన్నచో, ఈవలి పశువునకు ఆవలి వైద్యుడు పరాయి కాడు.

ఇది క్రొత్త ధర్మమని యెవరును భ్రమింపవలదు. కర్నూలు ప్రాంతమున ఎఱ్ఱగుడి బండలపై అశోకుడు చెక్కించిన రెండవ శాసనము, మనుష్యులకును పశువులకును వేర్వేఱుగా చికిత్స లేర్పఱచి, మందు మొక్కలు లేనిచోట్ల నాటించినట్లు తెలుపుచున్నది. తెలుగు నేలపై నిరువది రెండు శతాబ్దములకు పూర్వమే రాతిపై నెక్కిన మాట యిది. ఆ మాటలో గడ్డి వేయుట గాని, దండ వేయుట గాని కాక, చికిత్స చెప్పబడియుండుట గమనింపవలెను.

పశువు మన మేలు నెఱుగదు. మనకు కృతజ్ఞత తెలుపదు. మన పేరును గోడపై చెక్కింపదు. అందుచేతనే దానికి చేసిన సేవలో మన మెంతవఱకు నిజమైన వారమో తేలును. తదుపరి మాసము మొదలు మీ యూరి గోశాల మందులపద్దున మీ పేరు కూడ నుండునట్లు చూచుకొందురు గాక.